బోరు కాడ బోర్లా

నా దగ్గర పదిహేడు మంది కావలివాళ్లు ఉన్నారు.
అనంతపురం కమలానగర్లో, మేడ మీద గదిలో.
కరెంటాఫీసులో మీటర్లు చదివిన ముప్పయ్యేళ్లూ
ఊరూరా గడపలు తొక్కి
ఒక్కొక్కరినే పోగేసుకున్నాను.

ద్వారపాలకుడికి ముక్కు పోయింది,
గద మాత్రం వదల్లేదు.
భైరవుడి కుక్కకు ఒక చెవి లేదు.
పాలు పోసి పోసి
పడగల గీతలరిగిన జంట నాగులు.
పాత ఇనుముల కొట్లో, కుక్కర్ మూతల అడుగున
కోరమీసంతో దొరికిన
అరచేతంత ఇత్తడి వీరభద్రుడు.
అందరికీ వీపు మీద తెల్ల పెయింటుతో నంబర్లు.
గదికి రెండు తాళాలు.
మూడోది మొన్న కొన్నాను.

పద్దెనిమిదో వాడి కోసం
దస్తగిరి ఆటో మాట్లాడుకుని
ఉరవకొండ దాటి పోయాను.
శనగ కోసేసిన నల్లమట్టి, నెర్రెలు.
"వీరగల్లే సార్, మా అత్తోళ్ల ఊర్లో.
బట్టలుతికే బండ అయిపోయింది" అన్నాడు దస్తగిరి.

నిజమే.
బోరు పక్కన, పైపు కింద నల్లటి బండ.
సబ్బు నురగ.
ఒక ముసలామె దుప్పటి బాదుతోంది.
బొమ్మ ఏదవ్వా అంటే
"కింద" అంది, చెయ్యి ఆపకుండా.

బండకు ఆనుగా పెట్టిన రాళ్ల సందులోంచి
చెయ్యి దూర్చి తడిమాను.
మొదట ఒక కొమ్ము తగిలింది. ఆవుది.
తర్వాత విల్లు వంపు.
ఆ పైన, వేళ్లకందని మొగం.
మందను తోలుకుపోయే దొంగలకు అడ్డంపడి
చచ్చినవాడెవడో
నేలవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎవరిట్లా పడేసింది?"
నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"పడేయల్యా. పండబెట్టినాం.
ముందు ఊరి బయట నిలబడి ఉన్న్యాడు,
పశువుల కావలి.
ఇప్పుడు పశువులు యాడుండాయప్పా?
పాల పాకెట్లు వస్తాండాయి.
మా అబ్బోడివి అయిదు బోర్లు ఎండిపోయినాయి.
ఇది ఆరోది.
ఇది ఏసిన నాడే ఈయప్పను ఎత్తుకొచ్చినాం.
నీళ్లు యాడుంటాయి? కింద.
మరి కావలోడు యా పక్క సూడాల?"

నేను జవాబు చెప్పలేదు.
దస్తగిరి బీడీ ముట్టించుకున్నాడు.
ఎనిమిది వేలన్నాను. పన్నెండన్నాను.
బదులుగా కడప బండ వేయిస్తానన్నాను,
నున్నగా ఉంటుంది, బట్టలు చిరగవు.

సుంకులమ్మ దుప్పటి పిండి భుజానేసుకుంది.
వీపంతా నీళ్లు కారుతున్నాయి.
"తీస్కపో.
నలుగుర్ని పిలుస్తా, ఎత్తిస్తా.
పని గూడా తీస్కపో మరి.
రేయి రెండు గంటలకు కరెంటొస్తాది.
లేసి సూడాల, నీళ్లు ఉండాయా లేదా అని.
నీ గదిలోనుంచి కనపడతాదా?"

ఆ రెండు గంటల సంగతి నాకు తెలుసు.
ఆ వేళల కాగితం
మా ఆఫీసు గోడకే అంటించి ఉండేది.

ఉత్త ఆటో
గతుకు గతుక్కీ ఎగిరెగిరి పడింది.

ఆ రాత్రి రిజిస్టరు తీశాను.
ఎత్తు, వెడల్పు, దొరికిన ఊరు, ఇచ్చిన డబ్బు.
చివర కొత్తగా ఒక గడి గీసి
పైన రాశాను: దేనికి కావలి?
ద్వారపాలకుడు. ఏ గుడి తలుపో అడగలేదు.
భైరవుడు. తెలియదు.
నాగులు. అమ్మినావిడ ఏదో చెప్పబోయింది,
బస్సు టైమయిందని వచ్చేశాను.

వీరభద్రుడి దగ్గర పెన్ను ఆగింది.
పాత ఇనుముల సాయిబు నవ్వుతూ చెప్పాడప్పుడు,
కొర్రల గాదె మీద వేలాడదీసి ఉండిందంట,
ఎలకలు రాకుండా.

తాళాలు తీసి ఆయన్ను కిందికి తెచ్చి
వంటింట్లో, బియ్యం డ్రమ్ము పైన
మేకుకు తగిలించాను.
ఇదేం చోద్యమంది మా ఆవిడ.
డ్యూటీ అన్నాను.

రెండింటికి మెలకువొచ్చింది.
డ్రమ్ము దగ్గర ఏదో గీకుతున్న చప్పుడు.
ఆగింది.
ఉరవకొండ అవతల మోటారు
ఇక్కడికి వినపడే దూరం కాదు.
అయినా చెవులు రిక్కించుకుని
తెల్లారేదాకా అట్లాగే పడుకున్నాను,
బోర్లా.